విండ్‌హోక్ నుంచి కసానే దాకా: సరిహద్దు దాటే అద్దె బండి గురించి ఒక సమీక్ష

నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో, పైకప్పు మీద గుడారం బిగించిన టొయోటా హైలక్స్ డబుల్ క్యాబ్ బండిని అద్దెకు తీసుకుని, ఆగస్టు నెలలో కలహారి ఎడారి మీదుగా బోట్స్వానాలోకి వెళ్లి, మౌన్, నాటా, కసానే ఊళ్లు చుట్టి, న్గోమా దగ్గర మళ్లీ నమీబియాలో అడుగుపెట్టి, కటీమా ములిలో, రుండు, గ్రూట్‌ఫాంటైన్ మీదుగా బయలుదేరిన చోటికే తిరిగి వచ్చాము. మొత్తం దారి 2,700 కిలోమీటర్ల పైమాటే. మేము నలుగురం: నేను, నా భార్య, మా అబ్బాయి, అరవై దాటిన మా అత్తగారు. ఆ దేశాల అందచందాల గురించి రాసినవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ బండి గురించి, దాన్ని ఇచ్చిన సంస్థ సేవ గురించి మాత్రమే రాస్తాను. ఒక పొరపాటు వారి వల్ల జరిగింది, దాన్ని వారే సరిదిద్దారు. అందుకే పేరు పెట్టి రచ్చకీడ్చడం నాకు న్యాయంగా తోచలేదు. ముందే నా తీర్పు చెప్పేస్తే, సరిహద్దు దాటే ప్రయాణానికి బండి ఇచ్చే సంస్థను ఎంచుకునేటప్పుడు మనవాళ్లు మోడల్, కిలోమీటర్లు, అద్దె ఎంత అని ఆరా తీస్తారు గానీ, ఆ సంస్థ కాగితాలు ఎంత శ్రద్ధగా తయారు చేస్తుంది, ఆపదలో ఫోను ఎవరు ఎత్తుతారు అన్న రెండు సంగతులు అడగరు. మా ప్రయాణంలో లాభమైనా నష్టమైనా ఆ రెండింటి వల్లే కలిగింది.

కాగితాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నమీబియా, బోట్స్వానా, దక్షిణాఫ్రికా, లెసోతో, ఎస్వతిని దేశాలు కలిసి ఒకే సుంకాల కూటమిగా ఉన్నాయి. 1910లో ఏర్పడిన ఆ కూటమి ప్రధాన కార్యాలయం విండ్‌హోక్‌లోనే ఉంది. అందువల్ల నమీబియా బండిని బోట్స్వానాకు తీసుకెళ్లడానికి పెద్ద పెద్ద కస్టమ్స్ పూచీకత్తులు అక్కర్లేదు. అయితే బండి మనది కాదు కాబట్టి, దీన్ని ఫలానా వ్యక్తి ఫలానా తేదీల మధ్య ఫలానా దేశానికి నడుపుకుపోవడానికి మా అనుమతి ఉంది అని యజమాని సంతకం, ముద్ర వేసి ఇచ్చే అధికార పత్రం తప్పనిసరి. అందులో నడిపేవారి పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, బండి రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు అన్నీ ఉండాలి. దానితోపాటు రిజిస్ట్రేషన్ కాగితానికి ధ్రువీకరించిన నకలు, బీమా పత్రం, బండి వెనుక దేశాన్ని తెలిపే మూడక్షరాల స్టిక్కరు కూడా చూసుకోవాలి. మా సంస్థ వీటన్నిటినీ ఒక ప్లాస్టిక్ ఫైలులో వరుసగా అమర్చి ఇచ్చింది, అధికార పత్రానికి అద్దె కాకుండా వేరే రుసుము కూడా తీసుకుంది. ఫైలు చూడగానే, పనితెలిసినవాళ్లే అన్న నమ్మకం కలిగింది.

తీరా గోబాబిస్‌లో ఒక రాత్రి ఉండి, పొద్దున్నే నమీబియా సరిహద్దులోని బైటెపోస్ చెక్‌పోస్టుకు చేరాక ఆ నమ్మకానికి పరీక్ష వచ్చింది. ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర పాస్‌పోర్టుల మీద ముద్రలు పడ్డాయి. పక్కనే బండ్ల వివరాలు నమోదు చేసే పోలీసు ఉద్యోగి మాత్రం మా అధికార పత్రం చేతిలో పట్టుకుని బయటికి వచ్చి, ముందు అద్దం మీద అంటించిన గుండ్రటి లైసెన్సు బిళ్ల దగ్గర వంగి, ఛాసిస్ నంబరులోని ఒక్కొక్క అక్షరాన్నీ కలం కొసతో తాకుతూ చదివారు. చివరి నుంచి మూడో అంకె బిళ్ల మీద 8 అని ఉంటే, పత్రంలో 3 అని ఉంది. ఆయన గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. ఈ పత్రం వేరే బండిది అవుతుందండీ, దీనితో పంపితే అవతలివాళ్లు వెనక్కి పంపుతారు, సరైనది తెప్పించుకోండి అని నెమ్మదిగా చెప్పి, మమ్మల్ని పక్కన కూర్చోమన్నారు. దొంగబండ్లు సరిహద్దులు దాటిపోవడం ఆ ప్రాంతమంతటా ఉన్న బెడద, కాబట్టి ఆయన చేసినదాంట్లో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

సంస్థ ఇచ్చిన అత్యవసర నంబరుకు ఫోను చేస్తే రెండో రింగుకే ఒకావిడ ఎత్తారు. బిళ్ల ఫోటో వాట్సాప్‌లో పంపమన్నారు, పంపాము. కొత్త పత్రం తయారు చేసి, యజమానితో సంతకం చేయించి, దాన్ని మాకూ చెక్‌పోస్టు ఈమెయిలుకూ పంపారు. అక్కడి ఉద్యోగి దాన్ని అచ్చు తీసి, పాతదానితో కలిపి పిన్ను కొట్టి, రెండూ దగ్గరుంచుకోమన్నారు. ఇదంతా జరిగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆ రోజు సాయంత్రానికి మౌన్ చేరాలన్న పథకం పోయి దారిలోని ఘాంజీలోనే ఆగిపోవలసి వచ్చింది, మౌన్‌లో ముందే డబ్బు కట్టిన గుడారం స్థలం వృథా అయింది. తిరిగి వచ్చాక ఈ సంగతి ఎత్తితే, సంస్థవారు అధికార పత్రానికి తీసుకున్న రుసుమును బిల్లులోంచి తీసేశారు. మౌన్‌లో పోయిన సొమ్ము అంతకంటే కొంచెం ఎక్కువే అయినా, బేరమాడకుండా వారంతట వారే ఇచ్చారు కాబట్టి సరిపెట్టుకున్నాను. కానీ రోజూ ఇలాంటి పత్రాలు రాసే సంస్థ, ఛాసిస్ నంబరును చేత్తో కొట్టకుండా రిజిస్ట్రేషన్ కాగితం నుంచి నేరుగా ఎక్కించే ఏర్పాటు ఎందుకు చేసుకోలేదో నాకు అర్థం కాలేదు. చదివేవారికి ఒక్క మాట: బండి తాళాలు చేతికి వచ్చాక టైర్లు తన్ని చూడడం కంటే ముందు, పత్రంలోని నంబర్లను అద్దం మీది బిళ్లతో అక్షరం అక్షరం పోల్చి చూడండి. రెండు నిమిషాల పని.

అవతలి వైపు మమూనోలో పని వేగంగానే జరిగింది. ఇమిగ్రేషన్ అయ్యాక బోట్స్వానా యూనిఫైడ్ రెవెన్యూ సర్వీస్ కౌంటరులో రహదారి పర్మిటు, రహదారి నిధి, అక్కడి థర్డ్ పార్టీ బీమా కలిపి డబ్బు కట్టాలి. కార్డు తీసుకున్నారు. రశీదు మాత్రం పారేయకూడదు, ఎందుకంటే దేశం దాటి బయటికి వెళ్లేటప్పుడు మళ్లీ అడుగుతారు. ఇక్కడొక ముచ్చట: 2023 నుంచి నమీబియా, బోట్స్వానా పౌరులు పాస్‌పోర్టు లేకుండా గుర్తింపు కార్డుతోనే ఈ సరిహద్దు దాటవచ్చు. మేము నలుగురికి నాలుగు ఫారాలు నింపుతూ, ఉండబోయే చోటు చిరునామా దగ్గర ఏం రాయాలా అని తల గోక్కుంటూ ఉంటే, మా వెనక వచ్చిన పశువుల వ్యాపారి ఒకాయన కార్డు చూపించి, ఉద్యోగితో ఇంటి క్షేమసమాచారాలు మాట్లాడుకుని, మేము తల ఎత్తేలోగా వెళ్లిపోయారు. మనవాళ్లు వీసా విషయంలో చూసుకోవలసింది ఒకటుంది: ఈ దారిలో నమీబియాలోకి రెండుసార్లు ప్రవేశిస్తాము, కాబట్టి ఒకేసారి ప్రవేశించడానికి ఇచ్చే వీసా పనికిరాదు. మా సంస్థ ఈ మాటను బుకింగ్ రోజునే ఈమెయిలులో రాసి పంపింది, అందుకు వారిని మెచ్చుకోవాలి.

పశువైద్య తనిఖీల గురించి మాత్రం వారు ముందే చెప్పి ఉండవలసింది, చెప్పలేదు. గాలికుంటు వ్యాధి వ్యాపించకుండా బోట్స్వానా తన పశువుల ప్రాంతాలను కంచెలతో విడగొట్టింది. యూరప్‌కు గొడ్డుమాంసం ఎగుమతి చేసే దేశానికి అది జీవన్మరణ సమస్య. ఘాంజీ నుంచి మౌన్ వెళ్లే దారిలో కూకే దగ్గర అలాంటి కంచె ఒకటి ఉంది. 1950ల నుంచి ఉన్న కంచె అది. గేటు దగ్గర బండిని మందు నీళ్ల గుంటలోంచి నడిపించి, మమ్మల్ని దింపి, తడి గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకోమన్నారు. అంతటితో ఆగకుండా పెట్టెల్లో ఉన్న చెప్పులు, బూట్లు కూడా తీయించారు. మా అత్తగారు అట్టపెట్టెలో భద్రంగా దాచుకున్న కొత్త చెప్పుల జత కూడా ఆ మందు నీళ్లలో మునిగి లేచింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడ ఆ అమ్మాయికి ఇవి ఇంకా నేల తొక్కలేదని నచ్చజెప్పబోతే, ఆ అమ్మాయి నవ్వేసి మరీ ముంచింది. పచ్చిమాంసాన్ని ఇలాంటి గేట్ల దగ్గర చాలాసార్లు అడ్డుకుంటారు. మేము శాకాహారులం కాబట్టి ఫ్రిజ్ తెరిచి చూపించి బయటపడ్డాము. డబ్బాలోని ఆవకాయను ఒక ఉద్యోగి మూత తీసి వాసన చూసి, మళ్లీ జాగ్రత్తగా మూసి ఇచ్చారు. తిరుగు దారిలో రుండు దాటాక మురురానీ గేటు దగ్గర ఇదే తంతు. నమీబియాలో ఎర్రగీత అని పిలిచే ఆ పశువైద్య కంచెకు మూలం 1896లో పశువుల పెద్దరోగం వచ్చిన నాటి జర్మన్ వలస పాలకుల ఏర్పాట్లలో ఉంది. గేటుకు ఉత్తరాన రోడ్డు పక్కనే గుడిసెలు, మేకలు, నీళ్ల బిందెలతో నడిచే పిల్లలు కనబడతారు. దక్షిణాన ఒక్కసారిగా మనుషులు మాయమై, కిలోమీటర్ల కొద్దీ తీగ కంచెలూ పెద్ద పెద్ద కమతాలూ మొదలవుతాయి. మాంసం తినే కుటుంబాలు ఈ దారిలో బయలుదేరితే, ఎక్కడ కొని ఎక్కడికి ముందు వండుకు తినేయాలో చెప్పే చిన్న కాగితమొకటి సంస్థ ఇస్తే చాలా ఉపకారం.

ఇక బండి. 2.4 లీటర్ల డీజిల్ ఇంజను, మాన్యువల్ గేర్లు, 80 లీటర్ల ట్యాంకుతో పాటు అదనపు ట్యాంకు ఒకటి. నలుగురు మనుషులు, గుడారాలు, నీళ్లు, సామాను వేసుకుని 100 కిలోమీటర్లకు 12 లీటర్లకు అటూఇటూగా తాగింది. నలుగురం కాబట్టి పైకప్పు మీద రెండు గుడారాలున్న మోడల్ తీసుకున్నాము. ఈ సీజన్‌లో అన్ని హంగులున్న ఇలాంటి బండికి రోజుకు రెండు వేల నమీబియా డాలర్ల చుట్టుపక్కల పడింది. మన డబ్బులో తొమ్మిది పదివేల రూపాయలన్నమాట. నమీబియా డాలరు, దక్షిణాఫ్రికా రాండు సమాన విలువ గలవి, నమీబియాలో రెండూ చెల్లుతాయి. బోట్స్వానాలో మాత్రం పులా కావాలి. ఇద్దరు డ్రైవర్ల పేర్లు రాయించడానికి అదనంగా ఏమీ తీసుకోలేదు. లైసెన్సు సంగతికి వస్తే, మన కార్డు మీద ఇంగ్లీషులోనే ఉన్నా, ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ పర్మిటు తీయించుకుని వెళ్లడం మంచిది. నమీబియాలో పెద్ద ఊళ్లు దాటేచోట్ల ఉండే పోలీసు చెక్‌పోస్టుల్లో అది చూపించగానే మరో మాట లేకుండా పంపేశారు. రెండు దేశాల్లోనూ మనలాగే ఎడమవైపు నడపాలి, స్టీరింగు కుడివైపే ఉంటుంది. అందువల్ల హైదరాబాదులో బండి నడిపే అలవాటున్నవారికి చేతులు తడబడే ప్రసక్తి లేదు. తడబడేది వేగం దగ్గరే. తారు రోడ్డు మీద 120 వరకు అనుమతి ఉంటుంది, కనుచూపు మేర వంపు లేని రోడ్డు కాలిని యాక్సిలరేటరు మీదికి లాగుతూ ఉంటుంది, అంతలో ఊరి బోర్డు వచ్చి 60కి దిగమంటుంది, ఆ బోర్డు తర్వాత చెట్టు నీడన రాడార్ పట్టుకుని పోలీసులు ఉంటారు.

సంస్థ పెట్టిన యంత్రం ఒకటి వీటన్నిటినీ గమనిస్తూ ఉంటుంది. కంకర రోడ్డు మీద 80 దాటితే చెవి పగిలేలా కూస్తుంది. మొదట్లో ఇది మామీద నిఘా అనిపించి చిరాకు పడ్డాము. అయితే ఒప్పందం చదివితే దాని అవసరం తెలుస్తుంది. ఎక్కువ సొమ్ము కట్టి పూర్తి బీమా తీసుకున్నా, కంకర మీద వేగంగా పోయి బండి బోల్తా కొట్టినా, చీకటి పడ్డాక ఊరి బయట నడిపి ప్రమాదం జరిగినా, నీళ్లలోకి దించి ఇంజను పాడుచేసినా ఆ బీమా చెల్లదు. టైర్లు, అద్దం వేరే లెక్క. పూర్తి బీమా అన్న మాట విని నిశ్చింతగా సంతకం పెట్టేవారికి ఈ మినహాయింపుల పేజీ ఒక్కటే చదవమని చెప్తాను. మా సంస్థ ఆ పేజీని చదివించి, ప్రతి మినహాయింపు పక్కన పొడి సంతకం తీసుకుంది. అది వారి రక్షణ కోసమే కావచ్చు, కానీ మాకూ మేలే చేసింది.

చీకటి పడ్డాక నడపకూడదన్న నియమం ఎంత సబబో నాటా నుంచి కసానే వెళ్లే 300 కిలోమీటర్లలో తెలిసింది. బోట్స్వానాలో లక్షా ముప్పై వేలకు పైగా ఏనుగులున్నాయని, వాటిలో చాలా భాగం ఈ ఉత్తర ప్రాంతంలోనే తిరుగుతాయని చదివిన మాట వేరు. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద, ముందున్న లారీ హఠాత్తుగా ఆగిపోయి, దాని ముందు నుంచి ఒక తల్లి ఏనుగు పిల్లను కాళ్ల మధ్య పెట్టుకుని దాటడం చూడడం వేరు. బూడిద రంగు శరీరం బూడిద రంగు పొదల్లో పగలే సరిగా ఆనదు. రాత్రి అయితే ఇక చెప్పాలా. దక్షిణాన, ఘాంజీ వైపు, ఏనుగుల బదులు ఆవులు, గాడిదలు, మేకలు ఉంటాయి. బోట్స్వానా రాజధాని గాబొరోన్‌లో చాలాకాలంగా ఉంటున్న మా బావగారు ఫోనులో, ఒక పశువు రోడ్డు దాటిందంటే రెండోది దాని వెనకాలే ఉందనుకో బామ్మర్దీ, వేగం పెంచకు అన్నారు. ఆ సలహా దారి పొడవునా పనికొచ్చింది.

అసలు ఈ దారికి నాలుగు చక్రాల డ్రైవు, అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే బండి, అవసరమా? ఈ ప్రశ్నకు అద్దె సంస్థలు సూటిగా జవాబు చెప్పవు, నేను చెప్తాను. విండ్‌హోక్ నుంచి కలహారి రహదారి, మౌన్, నాటా, కసానే, న్గోమా, కటీమా, రుండు, మళ్లీ విండ్‌హోక్ దాకా మొత్తం తారు రోడ్డే. హోటళ్లలో ఉంటూ ఆ దారికే పరిమితమయ్యేవారికి మామూలు కారు చాలు, అద్దెలో చాలా భాగం మిగులుతుంది. కొన్నిచోట్ల గుంతలున్నాయి, అంతే. బండి తన విలువ చూపించింది మౌన్ నుంచి మోరేమీ అభయారణ్యంలోకి వెళ్లినప్పుడే. 1963లో అక్కడి బతవానా ప్రజలే తమ నేలను కేటాయించి ఏర్పాటు చేసుకున్న ఆ అభయారణ్యం ఒకవాంగో డెల్టాలో ఒక భాగం. షొరోబే దాటాక తారు పోతుంది, ఇంకా ముందుకు వెళితే మెత్తటి ఇసుక. తారు మీద 2.2 బార్, అంటే మన లెక్కలో 32 ఉన్న టైరు గాలిని 1.6కి, మన 23కి, దించుకోవాలి. సంస్థవారు విండ్‌హోక్ యార్డులోనే ఒక చక్రానికి మాతో గాలి తీయించి, మళ్లీ పట్టించి చూపించారు. ఇసుకలో ఇరుక్కుంటే యాక్సిలరేటరు తొక్కి చక్రాన్ని ఇంకా లోతుకు దించుకోవద్దని, ముందు దిగి చక్రాల ముందు ఇసుక తీసి, ఇంకొంచెం గాలి తగ్గించమని చెప్పారు. ఆ అరగంట పాఠం ఈ సేవ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది. వేగం తగ్గించి బలం పెంచే లో రేంజి గేరు వేసి, రెండో గేరులో నింపాదిగా నడిపిస్తే బండి ఎక్కడా ఆగలేదు. గాలిపంపు గట్టిది, నాలుగు టైర్లకూ తిరిగి గాలి పట్టడానికి టీ కాచుకుని తాగేంత సేపు పట్టింది. రెండు స్టెప్నీలు ఇచ్చారు, ఒకదాని అవసరం పడింది. మోరేమీ నుంచి బయటపడ్డాక పంక్చరు అయితే మౌన్‌లో మామూలు పంక్చరు షాపులోనే వేయించుకున్నాము. జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క పలక కూడా ఇచ్చి ఉంటే బాగుండేది. ఇసుకలో జాకీ పైకి లేవాల్సింది పోయి కిందికి దిగుతుంది.

గుడారాల మీద ఇంట్లో అభిప్రాయభేదం ఉంది. మా అబ్బాయికి అది స్వర్గం. నాకు, నిచ్చెన దించి, కట్లు విప్పి, తెరిచే పని అలవాటయ్యాక బాగానే ఉంది, పరుపు మెత్తగానే ఉంది, దుప్పట్లు మందంగా ఉన్నాయి. కలహారిలో ఆగస్టు రాత్రుల చలి ఎముకలు కొరుకుతుంది కాబట్టి ఆ దుప్పట్లే దిక్కు. మా అత్తగారికి మాత్రం అది శిక్ష అయింది. నిలువుగా ఉన్న ఇనుప నిచ్చెన ఎక్కడం ఒక ఎత్తు, అర్ధరాత్రి దిగవలసి రావడం ఒక ఎత్తు; పైగా కసానే, మోరేమీ ప్రాంతాల్లో కంచె లేని స్థలాల్లో రాత్రిపూట దిగడమే ప్రమాదం. రెండో రాత్రి నుంచి ఆవిడకు, నా భార్యకు గది ఉన్న బసలు చూసుకున్నాము. దాంతో ఒక గుడారానికి కట్టిన అద్దె దండగ అయింది. పెద్దవాళ్లు వెంట ఉంటే ఒక్క గుడారం బండి తీసుకుని, మిగిలిన సొమ్ముతో గదులు తీసుకోవడమే మేలు. ఇంకొక జాగ్రత్త, కమలాపండ్లు, ఆపిల్ పండ్లు లాంటివి గుడారంలో పెట్టుకోవద్దని ప్రతి చోటా బోర్డులున్నాయి. ఏనుగులకు వాటి వాసన దూరం నుంచే తెలుస్తుంది.

వంట సామాను పెట్టె పూర్తిగా మాంసం కాల్చుకునేవారి కోసం సర్దినది. బొగ్గుల మీద పెట్టే ఇనుప జల్లెడ, పొడుగాటి పటకార్లు, మూడు కాళ్ల ఇనుప కుండ ఉన్నాయి గానీ, మూత సరిగా పట్టే గిన్నె ఒక్కటీ లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మూడు లీటర్ల కుక్కరు లేకపోతే మా పని అయిపోయేది. అయితే ఆ ఇనుప కుండలో కందిపప్పు సన్నటి సెగ మీద గంటసేపు ఉడికితే వచ్చిన రుచి ఇంట్లో కుక్కరు పప్పుకు రాదని మా అత్తగారే ఒప్పుకున్నారు. గ్యాసు సిలిండరు నిండుగా ఇచ్చారు, చివరి దాకా సరిపోయింది. ఫ్రిజ్ రెండో బ్యాటరీ మీద నడుస్తుంది, రోజంతా బండి ఆపి ఉంచినా దిగిపోలేదు. కానీ దాని చల్లదనం సర్దుకోవడం తెలియాలి. వెనక గోడకు ఆనించిన పెరుగు డబ్బా పొద్దున చూస్తే రాయిలా గడ్డ కట్టి ఉంది. సరుకుల విషయంలో ఇబ్బంది లేదు. మౌన్‌లో, కసానేలో చోపీస్, స్పార్ లాంటి పెద్ద దుకాణాల్లో బియ్యం, పప్పులు, కూరగాయలు, పచ్చిమిర్చి దొరికాయి. చార్జర్ల గురించి ఒక మాట, అక్కడి గోడ సాకెట్లు చాలాచోట్ల మన గీజర్లకు, ఏసీలకు వాడే లావాటి మూడు గుండ్రటి పిన్నుల రకం. ఇంటి నుంచి ఒక మార్పిడి ప్లగ్ పట్టుకెళ్తే డబ్బు ఆదా.

కసానే దాకా వెళ్లాక అక్కడి నుంచి విక్టోరియా జలపాతానికి ఇదే బండిలో పోదామన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. జాంబేజీ నది మీద 923 మీటర్ల పొడవున కజుంగులా వంతెన 2021లో తెరిచాక, వెనుకటి పంటు కోసం బారులు తీరవలసిన అవస్థ పోయింది. అయినా నా సలహా, బండిని కసానేలోనే వదిలేయండి. ఆ జలపాతం ఉన్న జాంబియా, జింబాబ్వే దేశాలు ఆ సుంకాల కూటమిలో లేవు. అద్దె సంస్థ ఇంకో పత్రం, ఇంకో రుసుము, కొన్ని సందర్భాల్లో ఇంకో బీమా అడుగుతుంది. అవతలి వైపు తాత్కాలిక దిగుమతి పత్రం, కర్బన పన్ను, టోలు, స్థానిక బీమా అంటూ కౌంటరు తర్వాత కౌంటరు. దాదాపు 80 కిలోమీటర్ల దారికి అదంతా అనవసరం. కసానే నుంచి పొద్దున తీసుకెళ్లి సాయంత్రం దింపే మినీ బస్సులున్నాయి, మేము అలాగే వెళ్లొచ్చాము. మా సంస్థ ఉద్యోగే ఫోనులో ఈ సలహా ఇచ్చారు, తమకు రావలసిన రుసుము పోతుందని తెలిసి కూడా. అందుకు వారి మీద నా గౌరవం పెరిగింది.

తిరుగు దారి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. కసానే నుంచి చోబే పార్కు మధ్యగా వెళ్లే తారు రోడ్డు న్గోమా చేరుస్తుంది. వంతెన ఇవతల బోట్స్వానా, అవతల నమీబియా, రెండు చోట్లా మాకంటే ముందు ఎవరూ లేరు. బండి నమీబియాదే కాబట్టి తిరిగి ప్రవేశించేటప్పుడు విదేశీ బండ్ల మీద వేసే రహదారి రుసుము పడలేదు. 2013 వరకు కాప్రివిగా పిలిచిన జాంబేజీ ప్రాంతంలోని కొంగోలా నుంచి దివుందు దాకా బ్వాబ్వాటా పార్కు మధ్యలోంచి సాగే దాదాపు 200 కిలోమీటర్ల రోడ్డు తిన్నగా, మనిషికి నిద్ర వచ్చేలా ఉంటుంది. ఇద్దరు డ్రైవర్లు ఉండడం వల్ల కలిగే సుఖం అక్కడే తెలుస్తుంది. మౌన్, కసానే, కటీమా, రుండు ప్రాంతాల్లో మలేరియా ఉంది, బయలుదేరే ముందే డాక్టరును కలవాలి. సంస్థ ఇచ్చిన ప్రథమ చికిత్స పెట్టెలో కట్లు, కత్తెర తప్ప ఏమీ లేవు.

విండ్‌హోక్ యార్డులో బండి అప్పగించేటప్పుడు తనిఖీ చేసిన కుర్రవాడు ముందు అద్దం కింది మూలలో ఉన్న చిన్న చిట్లు మామీద రాయబోయాడు. తీసుకున్న రోజు బండి చుట్టూ తిరిగి తీసిన వీడియోలో ఆ చిట్లు స్పష్టంగా కనబడింది, చూపించగానే కొట్టివేశాడు, క్షమించమన్నాడు. పోట్లాట ఏమీ జరగలేదు, కానీ వీడియో లేకపోతే జరిగేదే. దుమ్ము కడగడానికి వేరే రుసుము తీసుకున్నారు, అది ఒప్పందంలో ఉన్నదే. క్రెడిట్ కార్డు మీద ఆపి ఉంచిన బయానా సొమ్ము రెండు వారాల్లోపు వదిలేశారు. ఆ కార్డు ప్రధాన డ్రైవరు పేరు మీదే ఉండాలని పట్టుబడతారు కాబట్టి, ఇంట్లో ఒకరి కార్డు, ఇంకొకరి లైసెన్సు అన్న ఏర్పాటు ఇక్కడ కుదరదు. ఐదుకు మార్కులు వేయమంటే బండికి నాలుగున్నర, ఫోను ఎత్తే మనుషులకు ఐదు, వంట పెట్టెకు రెండు, ఛాసిస్ నంబరు తప్పు రాసిన కాగితాలకు రెండున్నర వేస్తాను. ఇసుకలోకి వెళ్లే ఉద్దేశం, నిచ్చెన ఎక్కగల మోకాళ్లు ఉన్నవారికి ఇలాంటి బండి తీసుకోమని చెప్తాను. మిగతావారికి ఒక కారు, మంచి గదులు చాలు.